ఓడ కడుపులో మట్టి

సంతలో ఎద్దు పళ్ళు చూసి వయసు చెబుతారు. స్కార్వి దీవిలో మనిషి పళ్ళు చూసి ఊరు చెబుతున్నారు. సంతలో బేరగాడు కింది పెదవి లాగి చూస్తాడు, ఇక్కడ మిషను చూస్తుంది, తేడా అంతే. ఎద్దు తన వయసు దాచుకోలేదని అక్కడ నమ్మకం. మనిషి తన చిన్నతనం దాచుకోలేడని ఇక్కడ నమ్మకం.

ఆ మిషను నడిపే పిల్ల పేరు ఓలేటి నూకరత్నం. గోదావరి మొగ దగ్గర సముద్రం మింగేసిన పోలేటిపాకలు అనే పల్లెకారుల ఊరు ఆమెది. ఆమెది అనుకోవడమే గాని, ఆ ఊళ్ళో నడిచి ఎరగదు. రెండేళ్ళు నిండకముందే తల్లి ధనమ్మ చంకనేసుకుని, ఊళ్ళో మిగిలిన జనంతో పాటు ఓ పాత సరుకు ఓడెక్కి ఈ చలిదేశానికి వచ్చేసింది. ఒకరిని అడిగి రాలేదు, అనుమతి చీటీ పట్టుకుని రాలేదు. దీవివాళ్ళకు చేపలు కోసే చేతులు కావాలి కనక వెళ్ళగొట్టలేదు. చేతులు మాత్రమే కావాలి కనక మనుషులుగా రాసుకోనూ లేదు.

ఇన్నేళ్ళకు రాసుకుంటామన్నారు. ఆరేళ్ళ లోపు ఒడిలో వచ్చిన పిల్లలకు తప్పూ ఒప్పూ తెలియదు, వాళ్ళు ఈ దేశం బిడ్డలే, పౌరసత్వం ఇస్తాం, నచ్చిన పని చేసుకోవచ్చు అని కొత్త చట్టం చెప్పింది. చేపలు కోసే పెద్దవాళ్ళు ఎప్పట్లాగే ఉండొచ్చు, ఆరు దాటాక వచ్చి లోపే వచ్చామని అబద్ధం చెప్పినవాళ్ళు మాత్రం ఓడెక్కాలి. ఎవరు ఏ వయసులో వచ్చారో చెప్పే కాగితాలు ఊరితో పాటే మునిగిపోయాయి. అందుకని మిషను వచ్చింది.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ సిగ్రున్ ఆ దీవి మనిషే. జుట్టు నెరిసిన, నెమ్మదైన మనిషి. సీల్ జంతువులు ఏ తీరాన పుట్టి ఏ తీరాన పెరుగుతున్నాయో తెలుసుకోవాలని ఆమె దాన్ని తయారుచేసుకుంది. మనుషుల నోళ్ళలో పెట్టింది సర్కారు. ఆమె ప్రయోగశాలలో సాయానికి చేరిన రత్నం ఒక్కొక్కరినీ కుర్చీలో కూర్చోబెట్టి, నోరు తెరిపించి, సన్నటి వెలుగుపుల్లను ముందు పళ్ళ నుంచి జ్ఞానదంతం దాకా తాకిస్తుంది. పక్కన తెర మీద చారలు పడతాయి. చెట్టు కాండానికి ఏడాదికో వలయం ఏర్పడినట్టు పసివాళ్ళ పన్ను పొరపొరగా పేరుకుంటుంది. ఏ పొరలోని సున్నం ఏ నేల మీది తిండిలోంచి వచ్చిందో ఆ నేల ముద్ర అందులో ఉండిపోతుంది. స్కార్వి నల్లరాతి నేలైతే నీలం చార. దక్షిణాది పాత నేలలైతే ఎరుపు. ఎరుపు ఎన్నేళ్ళ దగ్గర ఆగితే అన్నేళ్ళప్పుడు వచ్చినట్టు.

రెండు నెలల కింద పల్లెకారుల పేటపెద్ద మైలపల్లి అప్పలకొండ మనవడు సూరిబాబు ఆ కుర్చీలో కూర్చున్నాడు. నాలుగేళ్ళప్పుడు వచ్చానన్నాడు. పన్నెండు దాకా ఎరుపే పడింది. పేటలో ఇంకొందరికీ అలాగే పడింది. పెద్దవాళ్ళు పిల్లల వయసులు తగ్గించి చెప్పారని రత్నం అనుకుంది. పన్ను అబద్ధమాడదు కదా. సూరిబాబును రేవు పక్క కంచె లోపల పెట్టారు, ఓడ వచ్చేదాకా. ఆ రోజు నుంచి అప్పలకొండ ఆమె ఎదురొస్తే పక్క సందులోకి తిరిగేవాడు.

చివరికి రత్నం వంతు వచ్చింది. ఎవరికీ అనుమానం లేదు, రత్నానికి అసలే లేదు. తన మనిషి కదా అని సిగ్రునే వెలుగుపుల్ల పట్టుకుంది. తెర మీద ఎరుపు మొదలైంది. రెండేళ్ళు దాటింది, ఆగలేదు. ఆరు దాటింది. ఎనిమిది దాటింది. పదో ఏట గాని నీలం రాలేదు.

సిగ్రున్ పుల్ల తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే. రత్నం నోరు తెరుచుకునే ఉంది, మూసుకోవాలన్న సంగతి మరిచిపోయింది.

"పై నెల ఓడ వచ్చేలోగా సర్కారుకు పంపకుండా ఉండలేను," అంది సిగ్రున్. ఏం పంపాలో ఇద్దరికీ తెలుసు.

* * *

చేపల కర్మాగారం వెనక, నల్లరాళ్ళ మధ్య, రేకుల ఇళ్ళ వరస. దీవివాళ్ళకు దక్షిణపేట, అందులో ఉండేవాళ్ళకు ఇప్పటికీ పాకలే. రత్నం వెళ్ళేసరికి ధనమ్మ ముగ్గుబుట్టలాంటి తల వంచుకుని మునగాకు దూస్తోంది. కాళ్ళు కడుక్కోమంది, కూరలోకి ఎండ్రొయ్యలు వెయ్యనా మాననా అని అడిగింది. రత్నం తను అడగవలసింది అడిగేసింది.

"నేనెన్నేళ్ళప్పుడు వచ్చానమ్మా?"

"రెండు నిండలేదని ఎన్ని మాట్లు సెప్పేనే."

"మిషను పదేళ్ళంటోంది."

"మిషనేటి, నిన్ను కన్నాదా?"

మామూలు రోజైతే రత్నం నవ్వేది. ఆ రోజు నవ్వు రాలేదు. సూరిబాబు సంగతి గుర్తు చేసింది, మిగతావాళ్ళ సంగతీ గుర్తు చేసింది. జాలి పడతారని పేటంతా కూడబలుక్కుని పిల్లల వయసులు తగ్గించేశారా అని అడిగింది. ధనమ్మ చేతిలోని రెమ్మ చేతిలోనే ఉండిపోయింది. రత్నం ఆగలేదు. తనకు ఊరు గుర్తుందని చెప్పింది. అరికాళ్ళు కాలిపోయే ఇసకలో ఒక పడవ నీడలోంచి ఇంకో పడవ నీడలోకి పరిగెత్తడం గుర్తుంది. మధ్యలో ఓ చోట తడిసిన వల పరిచి ఉంటుంది, దాని మీద కాలు పెట్టగానే చల్లగా ఉంటుంది. సరుగుడు తోపులో గాలి ఈల వేస్తుంది. ఇదంతా రెండేళ్ళు నిండని పిల్లకు గుర్తుంటుందా?

ధనమ్మ కూతురి మొహంలోకి చూసింది. కొట్టినా అంత నొచ్చుకునేది కాదు.

"ఆ పరుగు నీది కాదే," అంది. "నాది. నువ్వప్పటికి గడప దాటడం కూడా రాని దానివి. ఈ వగరాకు నోట్లో ఎట్టుకునేదానివి కాదు. ఊరి కబుర్లు సెప్తే నోరు తెరిసేదానివి. ముద్దకో కబురు సెప్పి తినిపించేను. అవన్నీ నీయ్యే అనుకున్నావేటి?"

ఆ రాత్రి ఇద్దరూ కంచాల ముందు కూర్చున్నారు గాని ఎవరూ ఏమీ తినలేదు.

రత్నానికి పోయింది పౌరసత్వం ఒక్కటే కాదు. ఎప్పుడు దిగులేసినా వెళ్ళి నిలబడే చోటు ఒకటి ఉండేది ఆమెకు, ఆ పడవ నీడ. కర్మాగారంలో చేతులు కొంకర్లు పోయినప్పుడు, బళ్ళో చీటీ లేని పిల్లలను వెనక బల్లకు పంపినప్పుడు, ఆ నీడలోకి వెళ్ళి నిలబడేది. ఇప్పుడు అది అమ్మ నీడని తెలిసింది. తల్లి నిజమైతే మిషను అబద్ధం. మిషను నిజమైతే ఆ నీడ తనదే, తల్లి అబద్ధం. ఏది నిజమైనా సగం ఇల్లు కూలిపోతుంది.

* * *

మర్నాడు ఆమె పేట పిల్లల పంటి చారలన్నీ తెర మీద ఒకదాని కింద ఒకటి పేర్చింది. వయసు లెక్కన చూస్తే ఎవరిది వాళ్ళదే. ఒకరికి పదో ఏట నీలం వచ్చింది, ఒకరికి పన్నెండో ఏట, అందరికన్నా చిన్నవాడికి తొమ్మిదో ఏట. వయసు కాకుండా, పుట్టిన ఏడు కలిపి సంవత్సరం లెక్కన జరిపి చూసింది. గట్టు దగ్గర వరసగా కట్టేసిన పడవల్లా అన్నీ ఒక్క చోటికొచ్చి ఆగాయి. అందరికీ ఎరుపు పోయి నీలం వచ్చింది ఒకే సంవత్సరం.

సిగ్రున్ కూడా చూసింది. సర్కారువాళ్ళకు ఇది చూపిస్తే అందరూ ఆ యేడు ఒకే ఓడలో వచ్చారంటారని ఆమె అంది. రత్నం తలూపింది. కానీ ఆ యేడు ఓడ రాలేదని రత్నానికి తెలుసు. ఆ యేడు ఏమొచ్చింది?

కాసేపటికి తట్టింది. ఆ యేడు పాలొచ్చాయి.

అంతకు ముందు బళ్ళో చీటీ ఉన్న పిల్లలకే పాలు పోసేవారు. లేనివాళ్ళు వెనక బల్ల మీద కూర్చుని, ముందువాళ్ళ మూతుల మీద తెల్లమీసాలు చూసేవారు. ఎవరో మంచి పంతులమ్మ పోట్లాడితే ఆ యేటి నుంచి అందరికీ పోశారు. దీవి గడ్డి తిన్న దీవి ఆవుల పాలు. ఆ సున్నం పళ్ళలోకి ఎక్కింది, నీలం పడింది.

మరి పాలు లేనప్పుడు పళ్ళకు సున్నం ఎక్కణ్ణుంచి వచ్చింది? ముద్దకో కబురు, అంది తల్లి. వగరాకు, అంది. మునగాకులో ఉన్నంత సున్నం ఏ ఆకులోనూ ఉండదని రత్నం ప్రయోగశాలలో ఎన్నిసార్లో చదివింది. చదివింది గాని, అది తన కంచంలోని కూర అనుకోలేదు.

పరిగెత్తుకుంటూ పేటకొచ్చి, తల్లిని రెక్క పట్టుకుని ఆకుల కొట్టులోకి లాక్కెళ్ళింది. భూమిలోంచి వచ్చే వేడినీటి గొట్టాలు ఆ రేకుల కొట్టులోంచి పోతాయి. దీవివాళ్ళు పారేసిన దీపాలు పైన వేలాడుతుంటాయి. బయట మంచు కురుస్తున్నా లోపల చెమట. మునగ మొక్కలు నడుమెత్తు, తోటకూర, పొన్నగంటి. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ చూస్తున్న కొట్టే. కానీ ఆ మొక్కల కింద ఏముందో ఆమె ఎప్పుడూ అడగలేదు, ఇంట్లో గోడ ఏ ఇటుకతో కట్టారని ఎవరడుగుతారు గనక.

"ఈ మట్టి ఎక్కడిది?"

ధనమ్మ తలుపు దగ్గరికి వేసింది. బయట ఎవరూ లేరని చూసుకుని చెప్పింది.

ఖాళీ కడుపుతో ఓడ సముద్రం ఎక్కకూడదు, గాలికి ఒరిగిపోతుంది. అడుగున బరువెయ్యాలి. పల్లెకారుల పడవైనా అంతే, సరుకు లేకపోతే ఇసక బస్తాలు వేస్తారు. ఆ ఓడకు అడుగున వెయ్యడానికి ఊళ్ళో ఇంకేం మిగిలింది? సముద్రం రాకుండా ఊరు చుట్టూ కట్టకు వేసిన ఒండ్రుమట్టి బస్తాలే మిగిలాయి. ఊరిని కాపాడలేకపోయిన ఆ బస్తాలనే భుజాన మోసి ఓడ కడుపులో వేశారు. ఇక్కడ దిగినప్పుడు మనుషుల్ని లెక్కపెట్టారు గాని అడుగు బరువును ఎవరూ చూడలేదు. ఇంటి పునాదులకు రేవు ఇసకని చెప్పి ఆడాళ్ళు ఒక్కొక్క బస్తానే నెత్తిన పెట్టుకుని తెచ్చారు. ఈ దేశంలో పరాయి మట్టి నేరం. రేవులో దిగినవాడి చెప్పుల అడుగు కూడా కడిగిస్తారు. దొరికిన మట్టిని కొలిమిలో వేసి బూడిద చేస్తారు. అందుకే పిల్లలకు చెప్పలేదు. పిల్లల నోటికి గొళ్ళెం ఉండదు కదా.

"నువ్వు సన్నంగా ఉండేదానివని నీకు రెండు ముద్దలు ఎక్కువే ఎట్టేను," అంది ధనమ్మ. తప్పు చేసినట్టు అంది.

రత్నం అక్కడే, గొట్టం మీద కూర్చుండిపోయింది. తల్లీ అబద్ధమాడలేదు, మిషనూ అబద్ధమాడలేదు. ఆ సంతోషం ఓ క్షణం కన్నా నిలవలేదు. ఇది రుజువు చెయ్యాలంటే ఈ మట్టి చూపించాలి. చూపిస్తే ఇది ఉండదు.

* * *

వలలు కుట్టుకునే పాకలో పేటంతా చేరింది. రత్నం చెప్పవలసింది చెప్పింది. సూరిబాబు గురించి తను పొరబడ్డానని కూడా చెప్పింది. అప్పలకొండ చుట్ట నోట్లోంచి తీసి అన్నాడు.

"అప్పుడు నీ కంటికి పళ్ళే ఆనేయి. ఇప్పుడు మనుసులు కూడా కనపడతన్నారా మనవరాలా?"

రత్నం తల వంచుకుంది. పడవలసిన మాటే.

మట్టి ఇచ్చేస్తే పిల్లలు నిలబడతారు. ఇవ్వకపోతే పై నెల ఓడలో రత్నం, సూరిబాబు, ఇంకా తొమ్మిదిమంది. ఎక్కడికి? పుట్టిన ఊరికి. అక్కడ ఇప్పుడు పది నిలువుల నీళ్ళు. ఇంత తేలికైన బేరానికి ఎవరూ వెంటనే సరేననకపోవడానికి కారణం ఉంది. పేటలో ఎవరు పోయినా, గుప్పిట్లో ఆ కొట్టులోని మట్టి ఓ పిడికెడు పెట్టి సాగనంపుతున్నారు. చలినేలలో పడుకునేవాళ్ళకు అదే దుప్పటి. ముసలివాళ్ళందరూ ఎవరి పిడికెడు వాళ్ళు మనసులో దాచుకుని ఉన్నారు.

అందరికన్నా గట్టిగా కాదన్నది ధనమ్మే. "మీ నాన్న గుప్పిట్లో ఎట్టింది అదేనే. నా గుప్పిట్లో ఏటెడతావు? ఊరు నీళ్ళలో ఓమాటు ములిగింది. రెండోమాటు నిప్పులో ఎయ్యమంటావా?"

రత్నం బతిమాలలేదు. తను ఓడెక్కుతానంది. మిగతా పిల్లల సంగతి వాళ్ళ తల్లిదండ్రులు చూసుకుంటారు, తన కోసం ఎవరి పిడికెడూ పోవద్దంది. కోపంతో అనలేదు. సభ అలాగే లేచిపోయింది.

తెల్లారి చూస్తే పక్కలో తల్లి లేదు. రత్నం వెతుక్కుంటూ కొట్టు దగ్గరికెళ్ళింది. ధనమ్మ మునగ మొక్కలన్నీ నరికేసి, రెమ్మలు ఓ పక్క కుప్పపోసి, మట్టిని పారతో ఎత్తి బస్తాలకు నింపుతోంది. అప్పలకొండ బస్తా మూతి పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళిద్దరినీ అలా చూసి రత్నం గుమ్మంలోనే ఆగిపోయింది.

"అలా సూత్తావేటి, ఆ దారం అందుకో," అంది ధనమ్మ. పార ఆపకుండానే చెప్పింది. "మీ నాన్న అనీవోడు. ఓడ కడుపులో బరువు దరి సేరీవొరకే. దరి సేరేక దింపెయ్యాలి. దింపకపోతే ఇసకలో దిగబడిపోద్ది, కదల్దు. నువ్వు దరి సేరేవు. నేనే దింపలేదు, ఇన్నాళ్ళు."

అప్పలకొండ చుట్ట వెలిగించుకున్నాడు. "ధనమ్మా, నీ మొగుడు బతికుండగా ఒక్క మాటైనా ఇన్నావేటే? సచ్చేక ఇంటన్నావు," అన్నాడు. ధనమ్మ పారెడు మట్టి అతని కాళ్ళ మీద పోసింది.

ఆ మునగాకు పేటంతా పంచి వండుకున్నారు. పెసరపప్పు వేసి కొందరు, ఎండ్రొయ్యలు వేసి కొందరు. అడుగు ముద్దల దాకా కలిపి తిన్నారు. పెద్దవాళ్ళు చిన్నపిల్లలకు తినిపిస్తూ ఊరి కబుర్లు చెప్పారు. కథలన్నీ రత్నానికి తెలిసినవే, అయినా గుమ్మంలో కూర్చుని విన్నది.

* * *

ప్రయోగశాలలో సిగ్రున్ చిటికెడు మట్టినీ, ఎండిన మునగ రెమ్మనూ మిషను కింద పెట్టింది. రెండూ ఎర్రగా వెలిగాయి, రత్నం పంట్లోని ఎరుపు ఎంతో అంతే. సర్కారు మనిషి వచ్చి చూశాడు, మళ్ళీ మళ్ళీ చూశాడు.

"ఎక్కడ పెరిగారని మేము పళ్ళనడిగాం," అంది సిగ్రున్ అతనితో. "ఏం తిని పెరిగారో అవి చెప్పాయి. మీరు ఆ పిల్లలకు మొదట్నుంచీ పాలు పోసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు."

బస్తాలను కొలిమికి తీసుకెళ్ళారు. చూడటానికి పేటలోంచి ఎవరూ వెళ్ళలేదు. కర్మాగారం పొగగొట్టం పక్కన ఇంకో పొగ లేచింది, గాలికి సముద్రం మీదికి పోయింది. ఆ సమయానికి ధనమ్మ చేపలు కోస్తోంది. కత్తి ఆపలేదు.

కంచె తెరిచి సూరిబాబును పంపించేశారు. అతను తాత భుజం మీద చెయ్యేసుకుని వచ్చాడు. రత్నానికి పౌరసత్వం వచ్చింది, ప్రయోగశాలలో ఉద్యోగం ఖాయమైంది. పరాయి మట్టి దాచిన నేరం కొట్టు చూసుకునే ధనమ్మ పేరు మీద రాశారు. ఆ రాతతో ఆమెకు ఈ జన్మకు చీటీ రాదు, ఏడాదికోసారి కచేరీకి వెళ్ళి మొహం చూపించి రావాలి. రత్నం ఏడిస్తే ధనమ్మ విసుక్కుంది. ఏడాదికోసారి మొహం చూసేవాళ్ళున్నారు, ఊళ్ళో అత్తగారు అది కూడా చూసేది కాదు అంది.

ఓ ఆదివారం మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు, రత్నం తల్లిని ప్రయోగశాలకు తీసుకెళ్ళింది. ధనమ్మ పనిబట్టల్లోనే వచ్చింది, చేతులు రెండుసార్లు కడుక్కుని గాని లోపలికి రాలేదు. రత్నం తానే కుర్చీలో కూర్చుని, నోరు తెరిచి, వెలుగుపుల్ల తాకించుకుంది. తెర మీద చారలు పడ్డాయి. ధనమ్మ కళ్ళు చికిలించి దగ్గరికి వచ్చింది.

"ఏదే?"

నోట్లో పుల్లతోనే రత్నం వేలు చూపించింది. పొరల మీద పొరలుగా ఎరుపు. దానికీ తరవాతి నీలానికీ మధ్య ఓ సన్నటి గీత.

ధనమ్మ చాలాసేపు చూసింది. పంట్లో నిజంగా ఎంతుంటుందని అడిగింది. వెంట్రుక మందం ఉంటుందని రత్నం పుల్ల తీసి చెప్పింది. నీళ్ళలో కరుగుతుందా అని అడిగింది. కరగదంది. నిప్పులో పెడితేనో అంది. అది తనను నిప్పులో పెట్టినప్పటి సంగతి కదా అని రత్నం నవ్వింది. ధనమ్మ నవ్వలేదు. తెర మీద ఎరుపును వేలి కొసతో, వేడి కంచం తాకినట్టు తాకింది.

"మనూరేనంటావా?"

"మనూరే అమ్మా."

ధనమ్మ కూతురి వైపు తిరిగింది. రత్నం నోరు ఇంకా సగం తెరిచే ఉంది. చేపల వాసన పోని చేత్తో ఆ గడ్డం పట్టుకుని మెల్లగా పైకి నొక్కింది.

"అయితే నోరు మూసుకోయే," అంది. "ఊరికి దిష్టి తగులుద్ది."